రేణిగుంట నుంచి బయల్దేరిన ముప్పై ఏడు మంది

1942 మే 15. శుక్రవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.

వడమాలపేటకు మైలు దూరంలో, రేణిగుంట రోడ్డు పక్కన మామిడితోపులో ఒక శవం పడి ఉంది.

మొదట చూసింది బండి తోలుకొస్తున్న రైతు. దిగి దగ్గరికి వెళ్లాడు. ముఖం గుర్తుపట్టాడు. బండిని అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు.

చనిపోయినవాడు శాంతయ్య. వయసు నలభై రెండు. తిరుపతిలో బడిపంతులు. వేసవి సెలవుల్లో కాందిశీకుల సహాయ కమిటీకి పని చేస్తున్నాడు.

రంగూన్ మీద బాంబులు పడ్డాక బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు రోజూ రేణిగుంటలో దిగుతున్నారు. మిలిటరీ స్పెషల్ రైళ్ల రద్దీలో ముందుకు పోయే బళ్లు దొరకవు. పుత్తూరు, నగరి దిక్కున ఉన్న సొంత ఊళ్లకు కాలినడకన పోతున్నారు. ఏ గుంపు ఏ దారిన పోతోంది? ఎందరున్నారు? ఎవరికి జబ్బుగా ఉంది? శాంతయ్య సైకిలు మీద వాళ్ల వెంట తిరిగి తెలుసుకునేవాడు. ఆ కబురు తిరుపతి ఆఫీసుకు చేరితే ఆ దారికి బియ్యం, మందులు వెళ్లేవి. చేరకపోతే వెళ్లేవి కావు.

ఏడు గంటల నలభై నిమిషాలకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ధనంజయ వచ్చాడు. అతని వ్యాను బొగ్గు గ్యాసుతో నడిచేది. దాని చప్పుడు రెండు మైళ్ల దాకా వినిపించేది.

ధనంజయ శవం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల వెనక ఒకే దెబ్బ. బరువైన ఇనుముతో కొట్టినది. నేల మీద నెత్తురు లేదు.

సైకిలు చెట్టుకు ఆనించి ఉంది. క్యారియరు మీద మడిచి కట్టిన పాత నూలుచీర. దాని పైమడత నిండా ఎండిన నెత్తురు.

"ఈడ చంపలేదప్పా," అన్నాడు ధనంజయ, హెడ్ కానిస్టేబుల్ చెంగయ్యతో. "చంపి, ఈ సైకిలు మీదనే అడ్డంగా ఏసుకోని తెచ్చినారు."

చెంగయ్య శవం జుట్టులోంచి వేరుశనగ గింజ మీది ఎర్రటి పొరలాంటిది ఒకటి తీశాడు. చొక్కా కాలరులోనూ అలాంటివే ఉన్నాయి.

"చెనిక్కాయ పొట్టయ్యా."

"మామిడితోపులో చెనిక్కాయ పొట్టు యాడిది?"

చెంగయ్య ఆ పొట్టును కాగితంలో పొట్లం కట్టాడు.

అంతలో తెల్ల కోటు వేసుకున్న మనిషి వచ్చాడు. డాక్టర్ రాజారత్నం, ఎల్.ఎం.పి. వడమాలపేటలో కాందిశీకుల మకాం అతని చేతుల్లో ఉంది. ముక్కుకు అడ్డంగా చేతిరుమాలు పట్టుకుని పది గజాల దూరంలో ఆగాడు.

"చాలా మంచివాడండీ శాంతయ్య," అన్నాడు. "నిన్న నేను మకాం వదిలి కదలలేదు. లేకపోతే ఏమైనా వినిపించేదేమో."

"ఎవరైనా పగవాళ్లున్నారా?"

డాక్టరు కాస్త తటపటాయించాడు. "ఊరి మునసబు మునిరామయ్య బెదిరించాడు. పదిమంది ఎదుట."

ఎనిమిదింబావుకు మునిరామయ్యను పిలిపించారు. అరవై ఏళ్ల మనిషి. నదురూ బెదురూ లేకుండా వచ్చి నిలబడ్డాడు.

"శాంతయ్య కాళ్లు ఇరగ్గొడతానన్నావంట?"

"అన్నా. కలరా గుంపుల్ని మా ఊరి మింద తోలబాకప్పా అని బతిమిలాడినా. ఇన్లేదు. అన్నా."

"కొట్టినావా?"

"లేదు."

"నిన్న సాయంత్రం యాడుండావు?"

"ఇంట్లో."

"సాక్షి?"

"నా పెండ్లాము."

ధనంజయకు ఆ జవాబు నచ్చలేదు. ఆ మనిషి కళ్లు కొండవైపు పోయి తిరిగి వస్తున్నాయి. దాన్ని అతను తప్పించుకునే ఆలోచనగా లెక్కేశాడు. మునసబును మకాంలో కూర్చోబెట్టి, ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టి, తొమ్మిదింటికి తిరుపతి బయల్దేరాడు. వ్యాను పెద్ద చప్పుడుతో కొండ వారగా పోయింది.

పదిన్నరకు శాంతయ్య ఇంటి ముందు ఆగింది.

భార్య సంతోషమ్మకు అప్పటికే కబురు అందింది. ఏడవడం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ధనంజయ నెత్తుటి చీర ఆమె ముందు పెట్టాడు.

"ఇది మీదేనామ్మా?"

"నాదే. మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి అడిగినాడు. దావలో ఒకామెకి కానుపు అయిందంట. చెట్టు కింద. ఆడబిడ్డ. చుట్టేదానికి గుడ్డ పేలిక గూడా లేదంట. ఇచ్చినా."

"ఏ గుంపులో?"

"అదే, ఆపొద్దు రేణిగుంటలో తెల్లారి నడక మొదులుపెట్టిన గుంపు. వడమాలపేటకి మైలుందనంగా కానుపు అయింది. ఈయన ఆడ ఉండేదానికి కాలేదు, ఇంకో రైలుండాదని వచ్చేసినాడు. బుధవారమంతా రేణిగుంటలోనే సరిపొయ్యింది. నిన్న మద్దేన్నం చీర ఎత్తుకోని పొయ్యినాడు. ముందు ఆఫీసులో బాలింతకి గంజి, పాలు రాయించుకోని పోతానన్నాడు."

ఆమె చీర అంచు పట్టుకుంది.

"ఇది ఆ బిడ్డకి అందలేదా అయ్యా?"

చీర సాక్ష్యం. ధనంజయ మళ్లీ మడిచి తీసుకున్నాడు.

పదకొండుంబావు. సహాయ కమిటీ ఆఫీసు ఒక సత్రం వసారాలో ఉంది. గోడకు జిల్లా పటం. దాని మీద దారుల వెంట గుండుసూదులు, గుంపుకొకటి. ఆ సూదుల్ని చూసి బండ్లు పంపించే గుమాస్తా సుబ్రమణ్యం చెమట తుడుచుకుంటూ లేచాడు.

"నిన్న శాంతయ్య వచ్చినాడా?"

"రెండింటికి వచ్చినాడు సార్. బాలింతకి గంజి కావాలన్నాడు. ఏ గుంపని అడిగినా. చెప్పినాడు. ఆ గుంపు ఈడ లేదే, చిత్తూరు పొయ్యింది గదా అన్నా. డాక్టరుగారి రిపోర్టు చూపించినా."

"చూసి ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. రెండుసార్లు చదివినాడు. సైకిలెక్కి పొయ్యినాడు."

ధనంజయ ఆ రిపోర్టు తీసుకున్నాడు. మే 12 తేదీ. రాజారత్నం సంతకం.

"రేణిగుంట గుంపు. 37 మంది. అందరినీ పరీక్షించి కలరా ఇంజెక్షన్ ఇచ్చాను. జబ్బు ఎవరికీ లేదు. మిలిటరీ లారీలో చిత్తూరు పంపాను. ఈ దారిన సహాయం అవసరం లేదు."

పటం మీద వడమాలపేట దగ్గర సూది గుచ్చిన చిల్లు ఉంది. సూది లేదు.

"నువ్వే తీసినావా?"

"రిపోర్టు రాంగానే తీసేసినా సార్. బియ్యం బండిని శ్రీకాళహస్తి దావకి మళ్లించినా."

ధనంజయ డాక్టరు ఇరవై రోజులుగా పంపిన రిపోర్టులన్నీ తిరగేశాడు; అన్నిట్లోనూ ఇంజెక్షన్లు ఇచ్చాననే ఉంది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు.

"రేణిగుంటలో బయల్దేరినప్పుడు ఎందరు?"

"ముప్పై ఏడు సార్."

"పద చెంగయ్యా. బిరీన!"

కానీ వ్యాను కదలలేదు. బొగ్గు అయిపోయింది. కొత్త బొగ్గు నింపి, అంటించి, గ్యాసు పట్టేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు వడమాలపేట మకాంలో దిగాడు. మునసబును, డాక్టర్ని వసారాలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. తను నిలబడే ఉన్నాడు.

"డాక్టరుగారూ, మంగళవారం గుంపును మీరే చూశారా?"

"నేనే చూశానండీ."

"దూరంనుంచా?"

"అదేమిటండీ? ఒక్కొక్కరినీ నిలబెట్టి లెక్కపెట్టాను. నాడి చూశాను. ఇంజెక్షన్ ఇచ్చాను."

"ఎందరికి?"

"ముప్పై ఏడు మందికి."

"చంటిబిడ్డలు?"

"రెండేళ్ల పిల్ల ఒకతె. అంతకంటే చిన్నవాళ్లు లేరు. రేణిగుంట కాగితంలో చూడండి."

"కాగితం చూశాను. మీరూ కాగితమే చూశారు. మనుషుల్ని చూడలేదు."

డాక్టరు రుమాలు తీసి నోరు తుడుచుకున్నాడు.

"మీ మకాం చేరకముందే, మైలు దూరంలో ఒకామె ప్రసవించింది. ఇక్కడికి వచ్చింది ముప్పై ఎనిమిది మంది. అప్పుడే పుట్టిన బిడ్డ, నడవలేని తల్లి. ఎంత గుడ్డి డాక్టరైనా వాళ్లను చూడకుండా ఉండడు. శాంతయ్య మీ రిపోర్టులో ముప్పై ఏడు చూశాడు. ఎవరూ వాళ్లను ముట్టుకోలేదనీ, లారీ ఎక్కించలేదనీ అర్థమైంది. అందుకే పరుగెత్తుకొచ్చాడు."

"లెక్కలో పొరపాటు..."

"చెంగయ్యా, మందుల పెట్టె తే."

చెంగయ్య పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. కలరా మందు. మూత మీద లక్క సీలు చెక్కుచెదరలేదు.

"ఇరవై రోజులుగా ఇంజెక్షన్లు ఇచ్చానని రాస్తున్నారు. పెట్టె మూత తెరవలేదు. ఒక్క కలరా కేసు బయటపడితే ఈ పెట్టె సంగతీ బయటపడుతుంది. మంగళవారం గుంపులో కలరా కనిపించింది. అవునా? వాళ్లెక్కడ?"

డాక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ధనంజయ మునసబు వైపు తిరిగాడు. "శాంతయ్య తల నిండా చెనిక్కాయ పొట్టు. ఈ ఊళ్లో చెనిక్కాయల కొట్టం ఎవరిది?"

మునిరామయ్య నేల చూశాడు.

"నాదే. కొండ కింద. రేకుల కొట్టం. సరుకు అమ్మేసినాక ఉత్తదే."

"తాళం ఎవరికిచ్చినావు?"

"డాక్టరుకి. కలరా గుంపుని ఊళ్లోకి రానీకుండా ఆడ పెడతానన్న్యాడు. తాళం ఇచ్చినా. అంతే."

"నీళ్లు?"

"నీళ్లు పంపమని నాకు చెప్పలేదు."

"మీరు పంపుతారనుకున్నాను," అన్నాడు డాక్టరు. ఆ రోజు అతను చెప్పిన మొదటి నిజం బహుశా అదే.

"అరుపులు ఇనపళ్లేదా నీకు?"

"ఇనిపించినాయి," అన్నాడు మునిరామయ్య. "ఊరందరికీ ఇనిపించినాయి. దగ్గిరికి పోతే అంటుకుంటాదని డాక్టరు చెప్పినాడు. నిన్నట్నించి అరుపులు తగ్గినాయి."

రెండు గంటల పది నిమిషాలు.

కొట్టం తలుపుకు గొలుసు, తాళం. తాళం చుట్టూ చెక్క మీద రాతి దెబ్బలు. శాంతయ్య పగలగొట్టబోయిన గుర్తులు. పక్కనే పొట్టు కుప్ప మీద నల్లగా గడ్డకట్టిన నెత్తురు. ఆ కుప్పలోనే గడ్డపార దొరికింది.

డాక్టరు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. చెంగయ్య అతని చేతులకు బేడీలు వేశాడు.

తలుపు తీయగానే వేడి ముఖాన కొట్టింది. తర్వాత వాసన. చెంగయ్య ఇరవై రెండేళ్లుగా పోలీసు ఉద్యోగంలో ఉన్నాడు. పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

లోపల మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. గోడ పగుళ్ల దగ్గర ఎక్కువమంది. గాలి కోసం వచ్చి అక్కడే పోయారు.

కదులుతున్నవాళ్లను బయటికి మోసుకొచ్చారు. తొమ్మిదిమంది.

అందరిలోకీ తెలివిలో ఉన్నది తాయమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లు రంగూన్ రేవులో బస్తాలు మోసిన మనిషి. మొగుణ్ణి అడవి దారిలోనే పూడ్చిపెట్టి వచ్చింది. తడిగుడ్డతో పెదాలు తడిపాక నోరు విప్పింది.

"పొద్దున మోటారు చప్పుడు ఇన్న్యాము సామీ. వచ్చింది, మళ్లా పొయ్యింది. అరిచినాము. గొంతు రాలేదు. అప్పుటికి పదైదు మంది ఉంటిమి."

ఆ మోటారు తనదేనని ధనంజయ ఆమెతో అనలేకపోయాడు.

"బాలింత?" అని మాత్రం అడిగాడు.

"బిడ్డ బుధవారమే పొయ్యింది. చనుబాలు రాలేదు. తల్లి నిన్న పొయ్యింది. నిన్న పొద్దు గుంకేటప్పుడు ఆ సైకిలు అయివోరు వచ్చినాడు. గోడ సందులో నోరుపెట్టి, వస్తాండా, తలుపు పగలగొడతాండా, అన్న్యాడు. ఎంతమంది ఉండారని అడిగినాడు. చెప్పినా. ఇంగో మనిషొచ్చినాడు. ఆగు శాంతయ్యా, రేపు నేనే తీయిస్తాను, అన్న్యాడు. అయివోరు ఆగలేదు. దెబ్బ ఇనిపించింది."

"ఆ మనిషిని చూసినావా?"

"గోడకి ఈ తట్టు ఉండాను. యాడ జూసేది?"

ధనంజయ లేచాడు. తొమ్మిదిమందీ ఎండిన ఆకుల్లా పడి ఉన్నారు. కళ్లు లోపలికి పోయాయి. నరానికి సెలైన్ ఎక్కించకపోతే సాయంత్రం దాకా నిలవరు. చిత్తూరుకు కబురు పంపాడు, కానీ అక్కడి నుంచి ఇంకో డాక్టరు రావడానికి నాలుగు గంటలు పడుతుంది. సెలైన్ సీసాలు మకాంలోనే ఉన్నాయి. సూది ఎక్కించడం తెలిసిన చేతులు పదిమైళ్లలో రెండే ఉన్నాయి. వాటికి బేడీలు వేసి ఉన్నాయి.

చెంగయ్య సీసాలు తెప్పించాడు. ధనంజయ బేడీలు తీశాడు.

"మొదలుపెట్టు," అన్నాడు. 'మీరు' అక్కడితో పోయింది.

"నాకు... నేను వీళ్లను ముట్టుకోలేనండీ. కలరా అంటే..."

ధనంజయ రివాల్వరు బయటికి తీయలేదు. డాక్టరు ముక్కు మీదున్న రుమాలు లాగి అవతల పారేశాడు.

రాజారత్నం మొదటి మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి సూది రెండుసార్లు తప్పింది. మూడోసారి నరం దొరికింది.

వాళ్లలో ఎవరికీ అతను తెలియదు. మంగళవారం దూరంగా నిలబడి, ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని, కర్రతో దారి చూపించాడు. అంతే. ఒక ముసలాయన సూది గుచ్చిన చేతినే కష్టంగా ఎత్తి దండం పెట్టాడు.

"నా దేవుడు మాదిరి వచ్చినావు నాయనా," అన్నాడు.

రాజారత్నం అతని కళ్లలోకి చూడలేదు. పక్క మనిషి దగ్గరికి జరిగాడు.

చివరికి తాయమ్మ దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి చాపమ్మా. కదలొద్దు," అన్నాడు.

ఆ గొంతు విని తాయమ్మ కళ్లు తెరిచింది. అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. చెయ్యి చాపింది. సూది దిగింది. సీసాలో బుడగలు లేచాయి. అయినా ఆమె ఏమీ అనలేదు. అతను మళ్లీ వరస మొదటికి వెళ్లి, అయిపోయిన సీసాలు మార్చి, ముసలాయనకు రెండో చేతికి ఎక్కించి, ఒక్కొక్కరి నాడీ చూసి వచ్చేదాకా గంటన్నర ఆ కళ్లు అతని వెంటే తిరిగాయి.

సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు తొమ్మిదిమందికీ సెలైన్ ఎక్కుతోంది. రోడ్డు మీద చిత్తూరు నుంచి వచ్చే డాక్టరు కారు దుమ్ము కనిపించింది.

తాయమ్మ వేలితో ధనంజయను పిలిచింది. అతను వంగాడు.

"నిన్న మాట్లాడింది వీడే సామీ," అంది. "సూది గుచ్చేటప్పుడే పట్టినా. అప్పుడు చెప్పింటే మా వాళ్లకి మందు ఎవురేస్తారు? ఇప్పుడు తీసకపో. వీని పని అయిపొయ్యింది."