పెద్దక్క నంబరు

ఆసుపత్రిలో కంప్యూటర్లు, వాటిని కలిపే తీగలు, ప్రింటర్లు అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. పన్నెండేళ్ళు చేశాను. డాక్టర్లకి నా పేరు తెలియదు, 'నెట్‌వర్క్ ఆయన' అనేవాళ్ళు. రికార్డు రూములో పెద్దక్క మాత్రం 'తమ్ముడూ' అని పిలిచేది. ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి సర్జన్ల దాకా అందరికీ ఆమె పెద్దక్కే. తరచూ తలనొప్పి వచ్చే మనిషి. నుదుటికి ఎప్పుడూ లవంగం వాసనొచ్చే బామ్ రాసుకుని ఉండేది. ఆమె ఏ గదిలోకి వచ్చి వెళ్ళిందో ముక్కు చెప్పేసేది.

మా దగ్గర ఒకరి రిపోర్టు ఇంకొకరు పట్టుకుపోవడం ఎక్కువైపోయి, కొత్త ప్రింటింగ్ పద్ధతి పెట్టాం. ఇంట్లో కూర్చుని పంపినా సరే, కాగితం వెంటనే బయటికి రాదు. తాళం పడి సర్వర్‌లో ఆగి ఉంటుంది. పంపిన మనిషి మిషన్ దగ్గరికొచ్చి తన నాలుగంకెల నంబరు కొడితేనే వస్తుంది. ఆ నంబరు నాక్కూడా కనపడదు. అదే దాని గొప్ప.

"నేను ఇంటి దగ్గర్నుంచి పంపింది మధ్యలో ఎవరూ చూడరు కదా తమ్ముడూ?" అని అడిగింది పెద్దక్క.

"మీరొచ్చి నంబరు కొడితే తప్ప మిషన్ నోరు విప్పదు పెద్దక్కా."

"నా మతిమరుపుకి నా దగ్గర కూడా విప్పదేమోలే!" అని నవ్వింది.

నిజంగానే వారానికోసారి మర్చిపోయేది. ఒకరోజు నేను పక్కన వంగి, ఇరుక్కున్న కాగితం లాగుతుంటే, ఆమె చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు గొణుక్కుంటూ కొట్టింది. ఏడు, మూడు, సున్నా, తొమ్మిది.

"వినలేదుగా?"

"చెవులు మూసుకున్నాను" అన్నాను.

విన్నాను.

ఆ తర్వాత రెండు నెలలకి సూపరింటెండెంటు నన్ను గదిలోకి పిలిచి తలుపు వెయ్యమన్నాడు. "రికార్డు రూము ఆవిడ ఏం ప్రింటు తీస్తోందో నాకు కావాలి."

"అది చూడ్డం కుదరదు సార్."

"కుదరదనేవాణ్ణి ఇన్‌ఛార్జిని ఎలా చేస్తాం చెప్పు?"

ఆయన గొంతు కూడా పెంచలేదు. బెదిరించాడని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మర్నాడు మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళిన పది నిమిషాల్లో నేనే మిషన్ దగ్గరికెళ్ళి ఆ నంబరు కొట్టాను. రెండు పేజీలొచ్చాయి. ఒకటి ఉత్తరం. ఆపరేషన్ తర్వాత చనిపోయిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి తల్లికి రాసింది. 'మీ పాప ఫైలులో మందు మోతాదు పేజీ మార్చేశారమ్మా, అసలు పేజీ నకలు దీంతో పెడుతున్నాను' అని. రెండోది ఆ నకలు. చదివాను. చదివాక కూడా పట్టుకెళ్ళి ఇచ్చాను.

సాయంత్రానికల్లా పెద్దక్కని సస్పెండ్ చేశారు. ఆసుపత్రి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకు రమ్మని నన్నే ఆమె ఇంటికి పంపారు. కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. "ఎవరు చెప్పారో తెలియదు తమ్ముడూ. నీ మిషన్ మీద మాత్రం నాకు అనుమానం లేదులే" అంది. నేను గ్లాసు ఖాళీ చేసి వచ్చేశాను.

పందొమ్మిదో రోజున నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయింది. శవం పక్కన కూర్చున్న కూతురు నన్ను చూసి, "మామయ్యా, అమ్మకి మీరంటే ఎంత నమ్మకమో" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పటికి నేను ఇన్‌ఛార్జినై వారమైంది.

ఇంకో నాలుగు నెలలు గడిచాక, ఒక ఆదివారం మధ్యాహ్నం పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టడానికి వెళ్ళాను. పైన ముసురు. కింద సెల్లార్లో కిటికీలు ఉండవు కాబట్టి వానా తెలియదు, ఎండా తెలియదు. పొడవాటి నడవా. ఈ చివర నా గది, ఆ చివర రికార్డు రూము, దాని ముందు ప్రింటరు. నడవాలో మనిషి కదిలితేనే వెలిగే లైట్లు. సెలవురోజు కనక నేను తప్ప ఎవరూ లేరు. ఏసీ హోరు, తడిసిన గోడ వాసన, అంతే.

సర్వర్ ఆపే ముందు ఆగి ఉన్న ప్రింట్లేమైనా ఉన్నాయా అని చూశాను.

ఒకటి ఉంది. పెద్దక్క పేరు మీద.

పాతది మిగిలిపోయిందనుకున్నాను. టైము చూశాను. ఆ రోజే. రెండు గంటల పది నిమిషాలు. అప్పటికి పావుగంటే అయింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని చూస్తే ఆమె ల్యాప్‌టాప్ నుంచి. ఆ ల్యాప్‌టాప్ నా బీరువాలోనే ఉంది. లేచి తాళం తీశాను. ఉంది. బ్యాటరీ ఉబ్బిపోతే నేనే ఊడదీసి పక్కన పెట్టాను. అదీ అలాగే ఉంది. మూత మీద దుమ్ము.

కుర్చీలో కూర్చుని దాన్ని చెరిపేశాను. పోయింది. తల తిప్పి మళ్ళీ చూసేసరికి ఉంది. ఇంకోసారి చెరిపాను. మళ్ళీ వచ్చింది.

మూడు పేజీలు.

అప్పుడు... నడవా ఆ చివర లైటు వెలిగింది.

నా గది తలుపు తీసే ఉంది. మెట్ల దగ్గర ఒక లైటు. తర్వాత రికార్డు రూము ముందు ఒకటి. తర్వాత ప్రింటరు మీద. అక్కడ ఆగింది. ఆ వెలుగులో ఎవరూ లేరు.

కీ... కీ... కీ... కీ.

నాలుగు అంకెలు. ఆ వెంటనే తప్పు కొట్టినప్పుడొచ్చే బొంగురు మోత. మా ఆసుపత్రిలో ఆ మోత అందరికంటే ఎక్కువ విన్నది నేనే.

మళ్ళీ నాలుగు. మళ్ళీ తప్పు.

లేచి నిలబడ్డాను. ఎలకలు తీగలు కొరికి ఉంటాయని నాకు నేను చెప్పుకుంటూ నడవాలోకి వచ్చాను. నాలుగడుగులు వేశాను. నా తల మీద లైటు వెలిగింది. అప్పుడు తగిలింది ముక్కుకి... లవంగాల వాసన.

ప్రింటరు ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. మాట మాత్రం అక్కణ్ణుంచి రాలేదు. నా భుజం పక్కనుంచి వచ్చింది. చాలా మెల్లగా.

"నంబరు మర్చిపోయాను తమ్ముడూ..."

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"ఎంతది?"

ఎందుకు చెప్పానో నాకు తెలియదు. చెప్పేస్తే వెళ్ళిపోతుందని అనుకున్నానో, అడిగినప్పుడల్లా సాయం చేసిన అలవాటో. "ఏడు... మూడు... సున్నా... తొమ్మిది."

ఏసీ హోరు ఆగిపోయింది.

"నా నంబరు నీకెలా తెలుసు తమ్ముడూ?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నిజంగా తెలియకే అడిగింది. చచ్చిపోయాక కూడా నన్ను అనుమానించలేదు ఆ మనిషి.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. "నేనే పెద్దక్కా... నేనే తీశాను. నేనే ఇచ్చాను." అదే మాట ఎన్నిసార్లన్నానో. నేను కదలకపోయేసరికి నా తల మీద లైటు ఆరిపోయింది.

ప్రింటరు మీద లైటు మాత్రం ఆరలేదు.

కీ. కీ. కీ. కీ.

లోపల చక్రాలు తిరిగాయి. ఒక పేజీ... రెండు... మూడు. మూడూ బోర్లా పడ్డాయి.

ఎంతసేపటికి లేచానో గుర్తులేదు. పైన ఒకటి తిప్పి చూశాను. అదే ఉత్తరం. రెండోది అదే నకలు. మూడో పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు. ఇంకొకరు చదవాల్సిన కాగితాలు దొంగతనంగా ఒకసారి చదివినవాణ్ణి. ఇంక చదవదలచుకోలేదు. మూడూ కవర్లో పెట్టి, వానలోనే పెద్దక్క కూతురి ఇంటికి వెళ్ళాను.

"తడిసిపోయారు మామయ్యా, లోపలికి రండి" అంది.

గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. నంబరు విన్న దగ్గర్నుంచి, పెద్దక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగిన దాకా. మధ్యాహ్నం జరిగింది కూడా. ఆమె తిట్టలేదు. చేతిలో తువ్వాలు నాకివ్వాలని తెచ్చిందే, తనే పట్టుకుని ఉండిపోయింది. చివరికి చెయ్యి చాపి కవరు తీసుకుంది.

మొదటి పేజీ చదువుతూ కళ్ళు తుడుచుకుంది. రెండోది చూసింది. మూడోది చదివి... ఏడుపు ఆపేసింది. ముఖంలో రంగు పోయింది.

"ఈ పేజీ మీరు చూశారా?"

"లేదు."

దాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచుకుంది.

"మీ ఇంట్లో ఇప్పుడెవరున్నారు?"

"మా ఆవిడ, పిల్లలిద్దరు. ఏం, ఏముంది అందులో?"

"ఇంటికి వెళ్ళండి. ముందు వెళ్ళండి."

అప్పట్నుంచి ఆమె నన్ను మామయ్యా అని పిలవలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. మా ఆవిడ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. పిల్లలు కొట్టుకుంటున్నారు. ఏమీ కాలేదు.

ఆ రెండు పేజీలూ చనిపోయిన అమ్మాయి తల్లికి చేరాయి. విచారణ జరిగింది. నేను వెళ్ళి అందరి ముందూ నిలబడి, నేను చేసింది నా నోటితోనే చెప్పాను. సూపరింటెండెంటు ఉద్యోగం పోయింది. నాదీ పోయింది. పోవాల్సిందే. ఆ తల్లి మాత్రం బయట మెట్ల మీద నన్ను దాటుకుంటూ, "మీరు ఆరు నెలల ముందు చెప్పి ఉంటే ఆ ఉత్తరం రాసినావిణ్ణి నేను ఒక్కసారైనా చూసుకునేదాన్ని" అంది. ఆ మాటకి ఇప్పటికీ నా తల లేవదు.

మూడో పేజీలో ఏముందో పెద్దక్క కూతురు నాకు చెప్పలేదు. కానీ నెలకోసారి ఫోను చేస్తుంది. కుశల ప్రశ్నలుండవు. "మీ ఇంట్లో ఎంతమందున్నారో ఒకసారి చూసి చెప్పండి" అంటుంది. నేను చూసి, నలుగురం అంటాను. పెట్టేస్తుంది.

నిన్న సాయంత్రం కూడా చేసింది. అందరం ముందుగదిలోనే ఉన్నాం. ఒక్కొక్కళ్ళ మీదా చూపు తిప్పి, "నలుగురం" అన్నాను.

ఈసారి పెట్టలేదు. ఫోనులో ఊపిరి వినపడుతోంది.

"మిమ్మల్ని కలుపుకునే లెక్కపెట్టారా?" అంది.

ఔననడానికి నోరు తెరిచి, నన్ను వదిలేసి ఇంకోసారి లెక్కపెట్టాను. నలుగురు.