అట్టలో దాగిన నోటీసు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. బైండింగ్ షాపులో టాక్స్ ఆఫీసు నోటీసు ఎక్కడా కనబడడం లేదు.

పొద్దున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం ఐదు లోపు నోటీసు పట్టుకుని రావాలి. రాకపోతే రేపు షాపుకు సీలు.

చెల్లెలు కబురు చేస్తే పోలీసు ఇన్‌స్పెక్టర్ మామూలు బట్టల్లో వచ్చాడు. షాపు చెల్లెలి భర్తది, అక్కడి బైండరూ అతనే. ఆరేళ్ల టాక్స్ బకాయి సంగతి ఇంట్లో అందరికీ ఇవాళే తెలిసింది.

"నాకు అందలేదు బావగారూ. పోస్టు తీసుకునేది సూదక్కే," అన్నాడు బైండర్ తల ఎత్తకుండా.

సూదక్క పదిహేనేళ్లుగా అక్కడ పుస్తకాలు కుట్టే మనిషి. ఇన్‌స్పెక్టర్ ఆమె సంచీ అడిగాడు. ఆమె బల్ల మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, కళ్లజోడు, రెండు సూదులు, దారపు ఉండ. అంతే.

రెండూ నలభైకి ఆయన పోస్టాఫీసులో డెలివరీ స్లిప్పు చూశాడు. సంతకం ఒట్టి గీత. పక్కన బొటనవేలంత ఎండిన మైదా జిగురు మరక.

తిరిగి వచ్చి ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"ఇక్కడ జిగురు ఎవరు ముట్టుకుంటారు?"

"సూదికి జిగురు అంటితే దారం జారదు సార్. నేను డబ్బా దగ్గరికే పోను," అంది సూదక్క.

"ఇవాళ్టి దాకా నన్నసలు షాపు గడప తొక్కనివ్వలేదు," అంది చెల్లెలు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బైండర్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. కాసేపటికి తనే లేచి, పై అరలోని లావు రిజిస్టరు దించి అట్టను కత్తితో చీల్చాడు. అట్ట మందంగా రావడానికి లోపల చిత్తుకాగితాలు అంటించడం వాళ్ల పద్ధతి. ఇందులో ఉన్నవి విప్పని కవర్లు. పదకొండు.

"చింపి పారెయ్యకపోయారా?"

"గవర్నమెంటు కాగితం కదా బావగారూ. చింపితే నేరమేమోనని."

ఎవరికీ నవ్వు రాలేదు.

సూదక్క బల్ల మీది కళ్లజోడు పెట్టుకుని మొట్టమొదటి కవరు విప్పి పైకి చదివింది. బాకీ వాయిదాల్లో కట్టుకోవచ్చు, వచ్చి మాట్లాడండి. చివరి దానిలోనూ అదే మాట. బాకీ మాత్రం మూడింతలైంది.

"సూదక్కా, నీ మీద చెప్పాను..." బైండర్ చేతిలోని కత్తి బల్ల మీద పెట్టాడు.

"నాలుగైంది. ముందు ఆఫీసుకు బయల్దేరండి," అందామె.

ఇన్‌స్పెక్టర్ ఆమె వస్తువులు ఒక్కొక్కటే సంచీలో పెట్టసాగాడు. పాతికేళ్ల సర్వీసులో ఎన్నో సంచీలు బోర్లించాడు గానీ, తిరిగి సర్దింది లేదు. సూది వేలికి గుచ్చుకుంది.

"ఉండనివ్వండి సార్, నేను సర్దుకుంటా," అంది సూదక్క.