టంగ్‌మంటే నీళ్లు

మా వీధిలో చివరి ఇంటికి మహా చెడ్డపేరు. చీకటి పడితే చాలు, గోడలో ఎవరో కొడతారట. టంగ్... కాసేపు ఆగి మళ్లీ టంగ్... జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు. అద్దెకు దిగినవాళ్లు పెట్టెలు విప్పకుండానే మళ్లీ బండెక్కించేవాళ్లు.

ఆ ఇంట్లోకి మా పెద్ద బావ రాత్రిపూట ఒంటరిగా వెళ్లాడు. ఇదంతా ఆయన నోటి వెంట విన్నదే, ఎక్కడైనా అతిగా ఉంటే ఆ పాపం ఆయనదే.

వెళ్లక తప్పలేదు పాపం. బావ ప్లంబరు. కానీ ఆయన కాపురముండే ఉమ్మడి ఇంట్లో అందరికీ కలిపి ఒకటే బాత్రూమ్. అక్క రోజూ బకెట్ పట్టుకుని వరసలో నిలబడేది. "ప్లంబరు పెళ్లాన్నయ్యుండి స్నానం కోసం కాచుక్కూర్చోవాలా?" అని ఒకటే సాధింపు. పైపులు తుప్పు పట్టి చుక్క నీళ్లు రాని ఆ చివరి ఇంటి యజమానురాలు ఒక మాట అంది — రేపు పొద్దున్నే వచ్చి బాత్రూమ్ కుళాయి తిప్పుతాను, నీళ్లొస్తే ఇల్లు మీకే అద్దెకిస్తాను, రాకపోతే గోడౌనుకి ఇచ్చేస్తాను.

నిజానికి అది ఇద్దరు చేసే పని. మేడ మీద ట్యాంకు దగ్గర వాల్వు తిప్పేవాడొకడు, కింద పైపు బిగించేవాడొకడు. అరిస్తే వినపడదు. అందుకని మా బావలిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇనుప పైపు మీద రెంచితో ఒక దెబ్బ కొడితే నీళ్లు వదలమని, రెండు కొడితే ఆపమని. అవతలివాడు విన్నట్టు గుర్తుగా అలాగే తిరిగి కొట్టాలి.

ఆ రెండో బావ చిన్నక్క మొగుడు. అప్పటికి ఇద్దరికీ మాటల్లేవు. చిన్న బావ ఎవరింట్లోనో గీజరు లైనుకి మామూలు తెల్ల ప్లాస్టిక్ పైపు వేశాడు. వేడినీళ్లకి అది మెత్తబడి, వంగి, ఊడిపోయింది. పెద్ద బావ నలుగురిలో అతన్ని కడిగిపారేశాడు. "ఇనుము బిగించడం చేతకానివాడికి ప్లాస్టిక్కే గతి" అన్నాడు. ఆ మాటతో పొత్తు పోయింది.

కాబట్టి ఆ రాత్రి బావ ఒక్కడే. టార్చి పక్కన పెట్టుకుని, తుప్పు పట్టిన ముక్కలు కోసి కొత్తవి బిగిస్తున్నాడు. జాయింటు కారుతోందో లేదో చూడాలంటే మేడెక్కి వాల్వు తిప్పాలి, దిగి చూడాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు మొరాయించాయి. చెయ్యి పాత అలవాటు కొద్దీ పైపు మీద ఒక దెబ్బ కొట్టింది.

టంగ్.

పైనుంచి... టంగ్.

బుస్సుమని నీళ్లు!

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా రెండు దెబ్బలు కొట్టాడు. టంగ్, టంగ్ — పైనుంచీ రెండే. నీళ్లు ఆగిపోయాయి.

అప్పుడు తట్టింది. ఈ పద్ధతిలో తనతో పనిచేసినవాడు ఇంకొక్కడేగా!

"తమ్ముడూ... వచ్చావా?" తెరిచి ఉన్న పైపులోకి గుసగుసగా అడిగాడు.

జవాబు లేదు. అలక ఇంకా తీరలేదు కాబోలు అనుకున్నాడు. అయినా వచ్చాడు, అది చాలు. బావకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఈల వేస్తూ బిగించాడు, కొట్టాడు, బిగించాడు. చివరి జాయింటు దగ్గర ఉండబట్టలేక, ఖాళీ పైపులో నోరు పెట్టి చెప్పాడు.

"ఆ రోజు నలుగురిలో అలా అనకుండా ఉండాల్సిందిరా... నువ్వు లేక చెయ్యి విరిగినట్టుంది."

పైనుంచి మెల్లగా... టంగ్.

నీళ్లు నేరుగా ముఖాన కొట్టాయి. బావ తడిసి ముద్దయ్యి కూడా పకపకా నవ్వాడు. క్షమించేశాడనుకున్నాడు మరి.

పని ముగించి వాకిట్లోకి వచ్చేసరికి, చేత బకెట్‌తో గేటు తీసుకుని అక్క లోపలికొస్తోంది. వెనకాల తలొంచుకుని... చిన్న బావ.

"ఒక్కడివీ భయపడి చస్తావని లాక్కొచ్చాను" అంది అక్క.

"సాయం ఏమన్నా కావాలా అన్నయ్యా?" అన్నాడు చిన్న బావ.

"ఇంకేం సాయంరా! ఇందాకటి నుంచీ పైన ఉన్నది నువ్వేగా?"

"నేనా? నేనిప్పుడేగా వస్తున్నాను..."

బావ మెల్లగా మేడవైపు చూశాడు.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లెక్కారు. ఏడాది పైగా మాటల్లేనివాళ్లు, ఆ పట్టు మాత్రం వదల్లేదు. టార్చి వేశారు. ట్యాంకు ఉంది. పైపు ఉంది. మూసిన వాల్వు ఉంది. మనిషి లేడు.

అప్పుడే కింద బాత్రూమ్‌లో, కొత్త కుళాయి చూసి ఆగలేక, అక్క దాన్ని తిప్పి కింద బకెట్ పెట్టి, మొగుడి నోట ఎన్నోసార్లు విన్న పద్ధతే కదా అని రెంచి తీసుకుంది.

టంగ్.

బావల కళ్లముందే... వాల్వు చక్రం దానంతటదే తిరిగింది. పక్కనున్న పైపు టంగ్‌మంది.

మెట్లు దిగారో దొర్లారో తెలియదు. ఎవరు ముందు కిందపడ్డారన్న తగువు ఇప్పటికీ తెగలేదు. బాత్రూమ్ దగ్గరికొచ్చి చూస్తే, అక్క నిండుతున్న బకెట్ వంక మురిపెంగా చూస్తోంది.

"ఏమిటా పరుగు? సామాన్లు ఎప్పుడు తెస్తున్నారు?"

"దె... దెయ్యమే! పైన..."

"ఉంటే ఉండనీ" అంది అక్క. "పెళ్లయ్యాక, ఒక్కసారి చెప్పగానే పని చేసిపెట్టిన వాళ్లని ఇవాళే చూస్తున్నాను."

బకెట్ నిండింది. అక్క రెంచితో రెండు దెబ్బలు కొట్టింది.

టంగ్, టంగ్... నీళ్లు ఆగిపోయాయి.