పదకొండు చీరల పట్టిక

వేయించిన శెనక్కాయల డబ్బా మూత ఎవరు తీసిపెట్టారన్న విషయం మీద హిందూపురంలోని ఆ ఇంట్లో ఇరవై నిమిషాలుగా గొడవ జరుగుతోంది.

"మూడు దినాలుగా చూస్తాండా. నేను మూత పెట్టడం, ఎవరో తీయడం," అంది సుబ్బలక్ష్మమ్మ. ఒక గింజ నోట్లో వేసుకుని నమిలి మొహం చిట్లించింది. "దూది నమిలినట్టు ఉండాది. వాసనన్నా లేదు."

ఆమె కొడుకు శివప్రసాద్‌కు మెయిన్ బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. అంగట్లో వాదించినట్టే ఇంట్లోనూ వాదిస్తాడు. ముందు తనకేమీ తెలియదన్నాడు. తర్వాత ఎలుక మీదికి తోశాడు. చివరికి ఆ మూతే వదులుదని, అది తన అంగట్లో కొన్నది కాదని తేల్చాడు.

కోడలు పద్మజ కిటికీ పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దుతోంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పన్నెండేళ్లుగా ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రికకు ఇంట్లోంచే తప్పులు దిద్దుతోందని ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆ పత్రిక మీద కన్నేసి ఉంచడానికి కేంద్ర నిఘా విభాగం ఒకటి ఆమెను అక్కడ కూర్చోబెట్టిందని మాత్రం తెలియదు. విభాగం ఫైళ్లలో ఆమె పేరు ఏజెంట్ కామా.

ఫోను మోగింది. తెరమీద ఒకే మాట: "ఫైనల్ ప్రూఫ్."

అది పిలుపు. పద్మజ తడిబట్టల బకెట్ తీసుకుని మిద్దెక్కింది. జడలోని పిన్నును చెవి దగ్గరికి జరిపింది. బెంగళూరు నుంచి చీఫ్ గొంతు వినబడింది.

"కామా, రిపోర్ట్."

ఆమె చీరలు ఆరేస్తూ రిపోర్ట్ ఇచ్చింది. ప్రకృతి శాస్త్రాలు, ఇంజనీరింగ్, విద్య, సమాజం, అన్నిటికీ కలిపి ఒకే పత్రిక. ఏం పంపినా వేసుకుంటుంది. రాసినవాడు రెండోసారి చదవడు. సమీక్షించినవాడు మొదటిసారి కూడా చదవడు. ఎడిటర్‌కు పేజీల లెక్క తప్ప ఇంకేదీ పట్టదు. రహస్య సందేశాలు దాచుకోవడానికి ఒక విదేశీ ముఠాకు ఇంతకన్నా భద్రమైన చోటు భూమ్మీద లేదు. వాల్యూమ్ నంబరు వేసి, అందరి ముందే అచ్చు వేస్తారు. ఎవరి కంటా పడదు.

పోయిన నెల అందులో ఒక పేపర్ వచ్చింది. ధర్మవరం చేనేత కుటుంబాల విద్యాస్థాయి గురించి. రచయితలు ప్రొఫెసర్ అశ్వత్థప్ప, మంజులత. అందులోని పట్టిక ప్రకారం ధర్మవరంలో ఒక్కో మగ్గం రోజుకు పదకొండు పట్టుచీరలు నేస్తుంది.

పద్మజ పుట్టింది ధర్మవరంలో, మగ్గం గుంత పక్కన. ఆమె నాయన పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా నేసినా ఒక చీర దిగడానికి వారం పైన పట్టేది. ఆ ఊళ్లో నాలుగేళ్ల పాపకు చూపించినా ఆ పట్టిక చూసి నవ్వుతుంది. పద్మజ కూడా నవ్వింది. తర్వాత కింది వరసలు చూసి నవ్వు ఆపేసింది. చిలమత్తూరు, ఇరవై మూడు మగ్గాలు. ఆమడగూరు, పదిహేడు. అవి శెనక్కాయలు పండించే మండలాలు. అక్కడ పట్టుమగ్గాలు ఎవరు చూశారు? చివరి గడిలో రోజుకు పనిగంటలు: 14.20.

"ఇరవై మూడు, పదిహేడు కలిపితే నలభై," అంది పద్మజ. "భవ్య సేకరించిన విత్తన రకాలు నలభై. పదకొండు అంటే ఈరోజు తారీఖు. 14.20 రైలు టైము. అందుకే నలభై సంచులు ముందే కుట్టి పెట్టుకున్నాను సార్."

భవ్య అశ్వత్థప్ప దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఆరేళ్లు చిలమత్తూరు, ఆమడగూరు చేలగట్ల మీద తిరిగి, ముసలి రైతులు పిడికెడు పిడికెడు దాచుకున్న పాత వేరుశెనగ రకాలు సేకరించింది. ఒక్క వాన పడితే చాలు, పండే రకాలు. అవి దేశం దాటితే బయట ఎవడో పేటెంట్ తీసుకుంటాడు. తాత విత్తిన విత్తనం మనవడు విత్తాలంటే వాడి అనుమతి కావాలి.

"ముఠా మనిషి డాక్టర్ హోల్ట్," అన్నాడు చీఫ్. "పత్రిక చీఫ్ ఎడిటర్ వేషం. పెనుకొండ కాన్ఫరెన్స్‌కు ముఖ్య అతిథి. సాయంత్రం బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కు పోతాడు. మన టీమ్ హైవే మీద ఉంది."

"పేపర్ ధర్మవరం మీద సార్. ఆయన అక్కడ రైలెక్కుతాడు."

"విదేశీయుడు ధర్మవరంలో రైలెక్కడమేంటి?"

"మీరు పేపర్ చదివారా?"

"సారాంశం చూశాను," అన్నాడు చీఫ్. "అన్నట్టు, మంజులత మన మనిషే."

"అది కూడా సారాంశంలోనే ఉందా సార్?"

పద్మజ కిందికి దిగి, ఎవరూ చూడకుండా శెనక్కాయల డబ్బా ఖాళీ చేసింది.

*

పెనుకొండలో, కోట ఉన్న కొండ కింద ఒక కల్యాణ మంటపాన్ని కాన్ఫరెన్స్ హాలు చేశారు. గేటు దగ్గర పద్మజ పేరు చెప్పగానే మెడలో బ్యాడ్జి వేశారు: డాక్టర్ పద్మజ. మారువేషం కోసం ఆమె వెంట తెచ్చుకున్న కళ్లద్దాలు అనవసరమయ్యాయి. అక్కడ డాక్టర్ కానివాడు వంట మేస్త్రీ ఒక్కడే.

వేదిక మీద ఒకే గంటలో చేపల పెంపకం, వంతెనల ఇనుము, బాలికల నైతిక విద్య అయిపోయాయి. మనిషికి మూడు నిమిషాలు. వక్తలు తెర మీదున్నది తడబడుతూ చదివారు. అక్షరాలు తమవి కావు కాబట్టి ఆ తడబాటు సహజమే. అధ్యక్షుడు నిద్రపోతున్నాడు. సర్టిఫికెట్ చేతికందినవాళ్లు ఫోటో దిగి, అన్నం వాసన వచ్చే వైపు నడిచారు.

భవ్య ఒక మూల నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి. పద్మజ పక్కకు వెళ్లి పలకరించింది. భవ్య పరిశోధన పత్రాలు దిద్దిన మనిషే అని తెలిసి ఆ అమ్మాయి కాస్త తేరుకుంది. హోల్ట్‌కు నమూనాలు చూపించకపోతే పేపర్ రాదని, పేపర్ లేకపోతే డిగ్రీ లేదని అశ్వత్థప్ప చెప్పాడట.

"కొన్ని నీ దగ్గర ఉంచుకున్నావా?"

"లేదు మేడమ్. ఫ్రిజ్‌లోవి కూడా అన్నీ తెమ్మన్నాడు సారు. ఇంగ యాడా లేవు."

ఆరేళ్లు, నలభై రకాలు, ఒక్క సంచి. అశ్వత్థప్ప వచ్చి ఆ సంచి అందుకున్నాడు. అమ్మాయి మొహం వైపు కూడా చూడకుండా దాన్ని అతిథికిచ్చే పసుపుపచ్చ తాంబూలం సంచిలో పెట్టించి, వేదిక మీదికి వెళ్లిపోయాడు.

పద్మజ కుంకుమ పళ్లెం చేతిలోకి తీసుకుంది. తాంబూలాలు సర్దే ఆడమనిషిని ఆపి నువ్వెవరని అడిగే మగవాడు ఆ సీమలో లేడు. కొబ్బరికాయ ఒకటి అటు జరిపింది, తమలపాకులు ఇటు జరిపింది. ఆమె పక్కకు తప్పుకునేసరికి భవ్య విత్తనాలు పద్మజ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ఉన్నాయి. తాంబూలం సంచిలో నలభై చిన్న సంచులు. వాటి మీద నంబర్లు అచ్చం భవ్య చేతిరాతలోనే. ఆ రాతను ఆరు నెలలు దిద్దిన చెయ్యి అది.

తలెత్తితే ఎదురుగా మంజులత. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు, ధర్మవరం పట్టు అని అందరికీ చెప్పుకుంటున్న చీర. పది అడుగుల దూరం నుంచే అది పవర్‌లూమ్ సరుకని పద్మజకు తెలిసిపోయింది. మంజులత పళ్లేన్ని చూసింది, క్యారియర్‌ను చూసింది. వేదిక వైపు వెళ్లిపోయింది.

*

ముఖ్య అతిథిని రైలెక్కించి పంపడం మర్యాద. అశ్వత్థప్ప, మంజులతతో కలిపి దండలతో నలుగురు బయల్దేరారు. దొరగారి భోజనం అంటూ క్యారియర్ పట్టుకుని పద్మజ కూడా వ్యాన్‌లో కూర్చుంది. ధర్మవరం స్టేషన్ చేరేసరికి రెండు దాటింది.

"కామా," పిన్నులో చీఫ్ గొంతు. "హైవే మీద ఎవరూ రాలేదు."

ఆమె దగ్గుతున్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ప్లాట్‌ఫారం మీద ఉన్నాం సార్. ఇప్పుడన్నా చదవండి."

హోల్ట్ సంచి తెరిచాడు. ముఠా మనిషి కదా, జాగ్రత్తపరుడు. ఇవి అసలైనవేనని నిపుణుడు రాసి సంతకం పెట్టాలన్నాడు. అశ్వత్థప్ప జేబులోంచి భూతద్దం తీశాడు. వేరుశెనగ మీద నూట పన్నెండు పేపర్లున్న మనిషి. ఒక గింజను ఎండకు పట్టి చూశాడు, తిప్పి చూశాడు, తల పంకించాడు. నోట్లో వేసుకోలేదు. వేయించిన గింజకు, విత్తనానికి తేడా కనిపెట్టాలంటే వేరుశెనగతో పరిచయం ఉండాలి. ఆయన పరిచయమంతా కాగితాలతోనే. నలభై రకాలూ స్వచ్ఛమైన అసలు విత్తనాలని, తానే స్వయంగా పరీక్షించానని రాసి, కింద డిగ్రీలన్నీ వేసి సంతకం చేశాడు.

పద్మజ ఎర్ర పెన్ను మూతలోని కెమెరా ఆ కాగితాన్ని ఫోటో తీసింది.

దూరంగా రైలు కూత వినిపించింది. హోల్ట్ సంచి మూయబోతుంటే మంజులత చెయ్యి చాపింది. ఒక గింజ తీసుకుంది. ఆమె ఆమడగూరు మనిషి. ఆ చేలల్లో పెరిగిన వాళ్లెవరూ విత్తనాన్ని కళ్లతో చూసి నమ్మరు. గింజను పళ్ల మధ్య పెట్టి కొరికింది.

పద్మజ క్యారియర్ పిడి గట్టిగా పట్టుకుంది. అసలు విత్తనాలు అందులోనే ఉన్నాయి, హోల్ట్‌కు మూడడుగుల దూరంలో. వెనుక అతని మనుషులు ఇద్దరున్నారు. టీమ్ ఇంకా దారిలోనే ఉంది.

మంజులత నింపాదిగా నమిలింది. కళ్లద్దాలు పైకి జరిపి పద్మజను చూసింది.

"ఏమక్కా," అంది గొంతు తగ్గించి తెలుగులో, "మెత్తబడినాయే."

"మూత తీసిపెట్టినా. వాసన పోవల్ల కదా," అంది పద్మజ.

మంజులత మింగేసి హోల్ట్ వైపు తిరిగింది. "పర్ఫెక్ట్," అంది.

రైలు వచ్చి ఆగింది, మళ్లీ కదిలింది. హోల్ట్ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టేలోగా టీమ్ వచ్చి అతన్ని కిందికి దింపింది. అశ్వత్థప్ప తనకేమీ తెలియదన్నాడు. తానేం రాశాడో నిజంగానే ఆయనకు తెలియదు. కానీ సంతకం ఆయనదే. జీవితంలో ఆయన స్వయంగా రాసిన మొదటి పేజీకి జైలు ఖాయమైంది.

"మంజులత మన మనిషే అని చెప్పానుగా," అన్నాడు చీఫ్.

"నమిలిన తర్వాత అయింది సార్," అంది పద్మజ.

*

ఆ రాత్రి సంగటి ముద్ద, పప్పు వడ్డించాక శివప్రసాద్ ఊరుబిండి పచ్చడి ఏదని అడిగాడు. శెనక్కాయలు అయిపోయాయంది సుబ్బలక్ష్మమ్మ. పొద్దున డబ్బా నిండా ఉన్నవి ఏమయ్యాయో ఆమెకు అంతుపట్టలేదు.

పద్మజ భర్త కంచంలో నెయ్యి వేస్తూ, అంగట్లోంచి నలభై చిన్న డబ్బాలు కావాలంది, మూత బిగుతుగా పట్టేవి. చిలమత్తూరు నుంచి భవ్య అనే అమ్మాయి రేపు వచ్చి పట్టుకుపోతుందని చెప్పింది. శివప్రసాద్ సరేనన్నాడు. బిగుతు మూతలు ఈ ఊళ్లో తన దగ్గర తప్ప దొరకవన్నాడు.

"ఇంకో మాట," అంది పద్మజ. "రేపట్నుంచి నేను ప్రూఫులు దిద్దను."

"ఏమైంది? పన్నెండేండ్ల నుంచి చేస్తాండావు కదా."

"ఆ పత్రిక చదివే మనిషి ఒకతి ఉందని వాళ్లకి తెలిసిపోయిందండీ."

శివప్రసాద్‌కు అర్థం కాలేదు. సుబ్బలక్ష్మమ్మ మాత్రం తృప్తిగా తలూపింది.

"మంచి పని చేసినావు. ఇంగన్నా డబ్బాలకి మూతలు పెట్టే తీరిక ఉంటాది."