లెక్కకు రాని ఓటు

“మీరు వచ్చేసరికే మీ ఓటు ఎవరో వేసేశారు. అప్పుడేంటి?”

తెనాలిలో పోలింగ్ సిబ్బందికి శిక్షణ జరుగుతోంది. ట్రైనర్ ప్రశ్నకు హాలంతా ఫ్యాన్ల వంక చూసింది. భట్టిప్రోలు సచివాలయంలో పనిచేసే మనీషా ఒక్కతే లేచింది.

“టెండర్ ఓటు ఇవ్వాలండి. కాగితం మీద వేయించి, విడిగా కవర్లో పెట్టాలి.”

“చదివొచ్చావా అమ్మా?”

“లేదండి, వేసొచ్చాను.”

అందరూ నవ్వారు. వెనక వరుసలో ఒకాయన మాత్రం నవ్వకుండా పెన్నుకు మూత పెట్టాడు. కొలకలూరు ఎజ్రా మాస్టారు. మనీషా గబుక్కున కూర్చుంది.

సాయంత్రంలోగా అమ్మకు జవాబు చెప్పాలి. బాపట్ల సంబంధం మంచిదే. వద్దనడానికి ఆమె దగ్గరున్న కారణమల్లా ఎప్పుడో అరగంట సేపు చూసిన ఈ మనిషే. ఆ మాట అమ్మతో ఎలా అంటుంది?

ఐదేళ్ల కిందట తొలి ఓటు కోసం బాపట్ల హాస్టల్ నుంచి ఊరికి బస్సులో నిలబడి వచ్చింది. “నీ ఓటు పడిపోయింది పాపా” అన్నాడు బూత్‌లో పార్టీ ఏజెంటు, బస్సు వెళ్ళిపోయిందన్నంత తేలిగ్గా.

ఆమె నేరుగా ప్రిసైడింగ్ ఆఫీసరు మీదికి వెళ్ళింది. “మీరిక్కడ కూర్చుని ఏం చేస్తున్నారండి?”

“తప్పు జరిగిందండి” అన్నాడు ఎజ్రా. సాకులేవీ చెప్పలేదు. “టెండర్ ఓటు వేయండి.”

“లెక్కిస్తారా?”

“కోర్టు అడిగితే తప్ప కవరు తెరవరండి.”

“మరెందుకు?”

“వెళ్ళిపోతే మీరే వచ్చి వేసినట్టు ఉండిపోతుంది. వాడి అబద్ధం మీ పేరు మీద నిజమైపోతుంది. సంతకం పెడితే, వాడు వేరు, మీరు వేరు.”

కోపంగానే వేసింది. మడిచిన కాగితాన్ని ఆయన రెండు చేతులా అందుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆయనా చూస్తున్నాడు.

టీ విరామంలో ఎజ్రా దగ్గరికొచ్చాడు. “ఇప్పటికీ కోపమేనా మనీషా గారూ?”

“పేరు గుర్తుందా?”

“నా సర్వీసులో టెండర్ ఓటు ఫారంలో రాసిన పేరు అదొక్కటేనండి.”

“ఊరు కూడా తెలుసుగా. ఒక్కసారీ రాలేదే?”

“డ్యూటీలో తెలిసిన పేరు పట్టుకుని ఇంటికొస్తే కంప్లైంట్ ఇచ్చేవారు.”

“ఇచ్చేదాన్నే” అని నవ్వింది. “ఆ తర్వాత పంచాయతీ ఎన్నికల్లో ఏడింటికే వెళ్ళానండి, దొంగకంటే ముందు. నా గొడవ గుర్తుండి, ఏజెంట్లు ప్రతి మొహాన్నీ కార్డుతో పోల్చి చూశారు. మా వీధిలో ఒక్క ఓటూ పోలేదు.”

“అయితే మీ ఓటు వృథా కాలేదు.”

“కాలేదు. పెళ్ళయిందా మీకు?”

ఎజ్రా టీ కప్పు కింద పెట్టాడు. “లేదండి.”

మనీషా ఫోన్ తీసి అక్కడే మాట్లాడింది. “అమ్మా, బాపట్ల వాళ్ళకి వద్దని చెప్పు… ఎందుకో తర్వాత చెబుతాను.”

“ఏం చెబుతారండి?” అన్నాడు ఎజ్రా, గొంతు తగ్గించి.

“నేనెందుకు చెబుతాను? ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి రండి. అమ్మకు మీరే చెబుదురు గాని.”