సీలు పడిన కారు

దిగుడు మలుపు!

తమ్ముడి కారు లోపలి వైపు నుంచి దూసుకొస్తుంది. పసుపు కారువాడు దారి మూసేలోపే...

దాటేశాడు!

ఫ్లడ్ లైట్ల కింద రోడ్డు పట్టపగల్లా ఉంది. గ్యారేజీలో మెకానిక్కులు కుర్చీల్లోంచి లేచి అరుస్తున్నారు. ఒకడు పక్కవాడి వీపు మీద దబదబా బాదుతున్నాడు.

ఆమె అరవడం లేదు.

పిట్ గోడ దగ్గర, స్క్రీన్ల వరుస ముందు కూర్చుని ఉంది. ఈ కారుకి రేస్ ఇంజనీర్ ఆమే. కారు నడుపుతున్నది సొంత తమ్ముడు. ఇప్పుడు రెండో స్థానం. ముందు ఒకే ఒక్క కారు.

వాడు గెలిస్తే ఆమె కూతురు చచ్చిపోతుంది.

కుడి చెవిలో రేడియో. తమ్ముడి గొంతు ఉరకలేస్తోంది.

"అక్కా, కారు అదిరిపోతోంది. ఏం సెట్ చేశావ్ అసలు!"

ఎడమ చెవిలో, హెడ్‌సెట్ కింద దాచిన ఇయర్‌ఫోన్‌లో ఇంకో గొంతు. ఆ గొంతుకి తొందరలేదు.

"రెండో ప్లేసు చాలు మేడమ్. అక్కడే ఉంచండి."

శుక్రవారం పొద్దున ప్రాక్టీసుకి ముందు హోటల్ గదికి వెళ్తే పాప లేదు. ఆయా లేదు. మంచం మీద ఎవరిదో ఫోన్ ఉంది. ఆమె చూస్తుండగానే అది మోగింది.

షరతు ఒక్కటే. తమ్ముడు గెలవకూడదు. పందేలు మావి, కారణాలు మీకెందుకు అంది ఆ గొంతు. పోలీసులకి చెప్పినా, తమ్ముడికి చెప్పినా పాప దక్కదు. రేడియోలో మాట్లాడే ప్రతి మాటా టీవీలో వస్తుంది, మేం వింటూనే ఉంటాం అని కూడా చెప్పింది.

తమ్ముడికి చెప్పే ధైర్యం ఆమెకీ లేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పైగా మేనకోడలంటే ప్రాణం పెడతాడు. తెలిసిందో, హెల్మెట్ విసిరికొట్టి నేరుగా కెమెరాల ముందుకి పోతాడు.

అందుకే కారుని చెడగొట్టింది.

అదేమంత కష్టం కాదు. రేసు వారాంతమంటేనే కారుని రోడ్డుకి తగ్గట్టు కుదుర్చుకోవడం. స్ప్రింగులు గట్టివా మెత్తవా, వెనక రెక్క ఎంత నిలబెట్టాలి, కారు నేలకి ఎంత దగ్గరగా ఉండాలి... శుక్రవారమంతా ఇదే గొడవ. డ్రైవర్ వచ్చి మూతి ముడుస్తాడు, ఇంజనీర్ మళ్లీ మారుస్తుంది. శనివారం మధ్యాహ్నం క్వాలిఫయింగ్, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పోటీ.

ఆ తర్వాత కారుకి సీలు!

రేసు అయ్యేదాకా స్ప్రింగు ముట్టుకోవడానికి లేదు, వెనక రెక్క ముట్టుకోవడానికి లేదు. పిట్‌లోకి వచ్చినప్పుడు ముందు రెక్క కాస్త తిప్పుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు. మిగతాదంతా ఎలా ఉన్నది అలాగే.

శుక్రవారం సాయంత్రం ఆమె మెత్తటి స్ప్రింగులు వేయించింది. వెనక రెక్కని బాగా నిలబెట్టించింది. ఇక తిన్నని రోడ్డు మీద గాలే కారుని వెనక్కి లాగుతుంది.

చీఫ్ మెకానిక్ ఆమె మొహంలోకి అదోలా చూశాడు. టీమంతా ఆయన్ని పానా బాబాయ్ అంటారు. చేతిలో పానా లేకపోతే ఆయనకి మాట కూడా రాదు.

ఎడ్లబండి చేస్తున్నావేంటమ్మా అన్నాడాయన. టైర్లు ఎక్కువసేపు మన్నుతాయి బాబాయ్ అని నోటికొచ్చింది చెప్పి తప్పించుకుంది.

శనివారం తమ్ముడికి తొమ్మిదో స్థానం వచ్చింది. వాడు అలిగి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె గదికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. సంతోషంతో.

పాప బతికింది అనుకుంది.

కానీ ఒకటి మర్చిపోయింది. భయం మనిషిని ఎంత మొద్దుని చేస్తుందో ఆమెకి ఇప్పుడు తెలుస్తోంది. కారుని చెడగొట్టింది మధ్యాహ్నపు ఎండ లెక్కతో.

రేసేమో ఆదివారం రాత్రి!

చీకటిపడ్డాక రోడ్డు చల్లబడింది. గట్టి స్ప్రింగుల కార్లకి టైర్లు వేడెక్కడం లేదు. మలుపు మలుపుకీ జారుతున్నాయి, రబ్బరు చీలికలై లేచిపోతోంది. తమ్ముడి కారు మాత్రం మెత్తగా రోడ్డుకి అతుక్కుని పోతోంది. టైర్లు నిజంగానే మన్నుతున్నాయి. నోటికొచ్చి చెప్పిన అబద్ధం అక్షరాలా నిజమైంది.

చెడగొడదామని కుదిర్చిన కారు ఆమె కుదిర్చిన కార్లన్నిట్లోకీ గొప్పది!

"మేడమ్..." ఎడమ చెవి.

ఆమె రేడియో బటన్ నొక్కుతుంది. తమ్ముణ్ని పిట్‌లోకి రమ్మంటుంది. పానా బాబాయ్‌కి చెబుతుంది, ముందు రెక్క బాగా తగ్గించెయ్ అని. ముక్కు తేలిపోతే కారు మలుపు తిరగదు. తిరగని కారు ఎవరినీ దాటలేదు.

ఆయన పానా అందుకుంటాడు. ఇంజనీర్ మాటే మాట.

కారొచ్చింది. టైర్లు మారాయి. రెక్క తిరిగింది. పోయింది!

ఆమె పళ్లు బిగించి స్క్రీన్ చూస్తుంది. మొదటి మలుపు... రెండోది...

"అక్కా! వెనక చక్రాలు కాస్త జారుతున్నాయని చెబుదామనుకుంటున్నా. చెప్పకముందే సరిచేశావ్. ఇప్పుడు పట్టాల మీద పోయినట్టుంది."

ఆమెకి నవ్వొస్తుంది. ఏడుపు లాంటి నవ్వు. చెయ్యి ఎటు పెట్టినా బాగుపడుతోంది పాడు కారు!

ట్రాకు చుట్టూ ఇంకో రెండు ల్యాపులు. టైర్ల కోసం మిగతావాళ్లూ పిట్‌లోకి వచ్చి పోయారు. ముందున్న కారు టైర్లు అయిపోయి పక్కకి జారింది.

తమ్ముడు ఫస్ట్!

గ్యారేజీ దద్దరిల్లుతుంది. ఎడమ చెవిలో చిన్న గొంతు.

"అమ్మా, నువ్వెప్పుడొస్తావ్?"

"వస్తా తల్లీ. ఇదిగో, వచ్చేస్తున్నా..."

ఫోన్ ఎవరో లాక్కున్నారు. "ల్యాపులు అయిపోతున్నాయి మేడమ్."

పెట్రోలు తక్కువుంది, నెమ్మదిగా రా అని తమ్ముడికి చెబుతుంది. గేజీ నా కళ్ల ముందే ఉందక్కా, కంగారుపడకు అని వాడు నవ్వుతాడు. ఇంజను వేడెక్కుతోంది అంటుంది. అదీ బాగానే ఉంది అంటాడు. గెలుపు దగ్గరికొచ్చేసరికి అక్కకి కాళ్లూ చేతులూ ఆడటం లేదనుకుంటున్నాడు పిచ్చోడు.

ఇక ఒక్కటే మిగిలింది.

బ్రేకు. ముందు చక్రాలకి ఎంత పట్టు, వెనక చక్రాలకి ఎంత పట్టు అనేది డ్రైవర్ తన స్టీరింగ్ మీదే మార్చుకోవచ్చు. దానికి సీలు లేదు. వెనక్కి మరీ జరిపితే, గట్టిగా నొక్కగానే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. కారు బొంగరం అవుతుంది.

ఎక్కడ తిరగాలో కూడా ఆమే ఎంచుకుంటుంది. దిగుడు మలుపు. బయటి వైపంతా గులకరాళ్లు. అక్కడ జారిన కార్లు రాళ్లలో కూరుకుపోయి ఆగిపోతాయి. ఇన్నేళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఎవరికీ తగల్లేదు... ఎవరికీ తగల్లేదు...

బటన్ నొక్కింది.

"దిగుడు మలుపుకి ముందు బ్రేకు పూర్తిగా వెనక్కి జరుపు."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"అక్కా, అది..."

"చెప్పింది చెయ్యరా!"

చిన్న క్లిక్కు వినిపించింది. ఇంకో ప్రశ్న లేదు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినప్పుడు కూడా వాడు ఇంతే, అటూ ఇటూ చూసేవాడు కాదు.

దిగుడు...

బ్రేకు!

కారు గిర్రున తిరిగింది. పొగ! రాళ్లలోకి వెళ్తుంది, ఆగుతుంది, ఆగాలి...

ఆగలేదు!

వాడు పట్టు వదల్లేదు. కారుని కాపాడుకుందామని బ్రేకు వదిలి స్టీరింగ్‌తో పోరాడాడు. వేగం చావని కారు రాళ్ల మీద ఎగిరి, అడ్డుగోడని గుద్దేసింది. గోడకి అండగా పేర్చిన టైర్లు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఇనుప కడ్డీ ఒకటి ఊడి రోడ్డుకి అడ్డంగా పడింది.

ఎర్రజెండా! కార్లన్నీ ఆగిపోవాలి.

"ఒరేయ్..."

రేడియోలో గరగర.

"ఒరేయ్, మాట్లాడరా. ఒక్క మాట..."

పానా బాబాయ్ ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"...అక్కా."

ఆమె బల్ల మీదకి వాలిపోయింది.

"చెయ్యి విరిగినట్టుంది. సారీ అక్కా. కారు నాశనం చేశా."

నువ్వు కాదురా, నేను అనబోయింది. బటన్ మీంచి వేలు తీసేసింది. తమ్ముడు బతికాడు. తమ్ముడు గెలవలేదు. పాప బతుకుతుంది. మూడూ ఒకేసారి గుండెలోకి వచ్చి పడ్డాయి. ఈ పాపం జీవితాంతం మోస్తుంది. మోయనీ. అందరూ ఉంటారు కదా.

"అయిపోయింది," ఎడమ చెవి ఫోన్‌లోకి గుసగుసగా అంది. "మీరు చెప్పింది చేశా. నా పాపని పంపించండి."

అవతల టీవీ మోగుతోంది.

స్పీకర్లలో అనౌన్స్‌మెంట్. అడ్డుగోడ బాగుచెయ్యడం ఇప్పట్లో కుదరదు. రేసు ఇంతటితో ఆపేస్తున్నారు. ఎర్రజెండాకి ముందు అందరూ పూర్తి చేసిన చివరి ల్యాపులో ఎవరు ఎక్కడున్నారో... అదే ఫలితం.

ఆమె తలెత్తి స్క్రీన్ వైపు చూసింది.

తెలిసిన రూలే. నిద్రలో లేపి అడిగినా చెప్పే రూలే! నడుస్తున్న కారా, నుజ్జయిన కారా అని ఆ రూలు చూడదు. ఆ ల్యాపులో ముందున్నది ఎవరు?

స్క్రీన్ మీద పేర్లు మారాయి.

మొదటి పేరు తమ్ముడిది.

గ్యారేజీ పేలిపోయింది. పానా బాబాయ్ ఏడుస్తూ ఆమెని కుర్చీతో సహా ఊపేస్తున్నాడు. కుడి చెవిలో తమ్ముడు నొప్పితో మూలుగుతూనే నవ్వుతున్నాడు.

"గెలిచామటగా అక్కా! అంబులెన్స్‌వాళ్లు చెబుతున్నారు!"

"ఆగండి," ఎడమ చెవి ఫోన్‌లోకి అరుస్తోంది ఆమె. "వాడు గెలవలేదు. అది రూలు. అప్పీలు చేయిస్తా, రద్దు చేయిస్తా, నేనే చెడగొట్టానని చెబుతా... వింటున్నారా?"

"చూస్తున్నాం మేడమ్."

వెనక చప్పట్లు. చిన్న చేతుల చప్పట్లు.

"అమ్మా! మావయ్య గెలిచాడు! టీవీలో చూపిస్తున్నారు, మావయ్య ఫస్..."

ఢాం!