నాలుగో గురి వెనక నీలం చొక్కా

పైడిరాజు కుడి కాపుగాజులో అక్షం నాలుగు డిగ్రీలు తప్పింది. గురిశాలలో అద్దాలు సరిచూసే సుగుణ దాన్ని కొలతబల్ల మీద మూడోసారి తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది ఈవేళ పనికిరాదు బాబాయ్. గీతలన్నీ వంకరగా కనిపిస్తాయి. మళ్లీ అరగదియ్యాలి."

"నాకు ఆదివారమొక్కటే కదమ్మా సెలవు," అన్నాడు పైడిరాజు. ఓడరేవులో క్రేను నడిపే మనిషి. పవరు మైనస్ ఆరు. కళ్లజోడు తీస్తే చేతిలో తుపాకీ కూడా మసకే.

కొత్తవలస గురిశాలలో మామూలు కళ్లజోడుతో కాల్చనివ్వరు. తూటా తునక ఎగిరొచ్చి తగిలితే ఆ అద్దమే పగిలి కంట్లో దిగుతుంది. అందుకే ఎవరి పవరుకి తగ్గ కాపుగాజు వాళ్లకి. అది చూపును సరిదిద్దడమే కాదు, శుద్ధి చేస్తుంది కూడా. ఎగిరే కాకి, ఊగే కొమ్మ, గురుల వెనక ఇసక కట్ట దాటే కుక్క... గురికి అక్కర్లేనిదేదీ అందులో కనబడదు.

సుగుణ బీరువా అడుగు నుంచి పాతకాలపు పైజోడు తీసింది. కళ్లజోడు మీదే తొడుక్కునే దళసరి ప్లాస్టిక్ కవచం. చూపుశుద్ధి లేదు. ఆవిరి పట్టకుండా లోపల మందు రాసి ఇచ్చింది.

పదకొండుమంది వరసలో నిలబడ్డారు. చివరనున్న పైడిరాజు తుపాకీ ఎత్తినవాడల్లా దించేశాడు.

"సుగుణమ్మా, కట్ట కాడ ఆ మనిషెవుడు?"

సుగుణ తన కాపుగాజులోంచి చూసింది. దువ్వినట్టున్న ఇసక, పదకొండు గుండ్రటి గురులు.

"ఎవరూ లేరు బాబాయ్."

"నాకు అగుపిస్తంటే లేరంటావేటి? నీలం సొక్కా. నాలుగోదాని ఎనకాల. సేతులూపుతున్నాడు."

సుగుణ గోడకున్న శాలగొంతుని, కాల్పులు నడిపే యంత్రాన్ని, అడిగింది. "నాలుగో గురి వెనక ఎవరున్నారు?"

"గురికి సంబంధించినదేదీ లేదు," అంది గొంతు నెమ్మదిగా. "అర నిమిషంలో కాల్పులు."

ఎవరూ లేరని అది అనలేదు. సుగుణ కాపుగాజు తీసేసింది. ఆమెదీ మైనస్ నాలుగు. లోకమంతా కరిగిపోయింది. ఆ కరుగులో, దూరంగా, ఒక నీలం మరక పైకీ కిందికీ ఆడుతోంది.

"కాల్పులు ఆపు."

"కారణం కనబడలేదు."

కాపు లేని కంటి ముందు ఏ తుపాకీ పేలదు, తనంతట తనే బిగుసుకుంటుంది. ఇక మిగిలిన దారి అదొక్కటే. సుగుణ మైకు అందుకుంది.

"అందరూ అద్దాలు తీసెయ్యండి! ఇప్పుడే!"

ఎవరూ కదల్లేదు. వరసలో నాలుగో చోటునున్న బ్యాంకు మేనేజరు తల తిప్పకుండానే అన్నాడు: "తీస్తే కళ్లు పోతాయని పదకొండేళ్లుగా చెబుతున్నది మీరేగా!"

సుగుణ పరుగున వెళ్లి అతని మొహం మీంచి కాపుగాజు లాగేసింది. తుపాకీ టక్కున బిగుసుకుంది. అతను ఎదురుగా చూశాడు. తుపాకీ దించేశాడు. అతని మొహం చూసి పక్కామె తీసింది, ఆ పక్కాయన తీశాడు. వరస పొడుగునా టక్, టక్ మంటూ తుపాకులు బిగుసుకున్నాయి.

అప్పుడు, ఎన్నడూ లేనిది, గొంతు ప్రశ్న అడిగింది.

"మీకేం కనబడుతోంది?"

సుగుణ పైడిరాజు చెయ్యి పట్టుకుని, దారి అతన్ని చూడమని, గుడ్డిగా ఇసకలోకి దిగింది. నాలుగడుగులు వేశాక అతను ఆగిపోయాడు.

"ఒక్కడు కాడమ్మా," అన్నాడు. "ఆడి కాళ్ల కాడ ఇంకోడు పడున్నాడు."